పచ్చి లెక్క

కర్నూలు
14 జూన్ 1959

కడప పట్టణమున కొలువు తీరియున్న దంత గణక సార్వభౌములు తిమ్మయ్య గారి సముఖమునకు, కర్నూలు శాఖకు అధిపతియు, గుమాస్తాయు, బంట్రోతును తానే అయిన కంబన్న సవినయముగా వ్రాసుకొన్న విన్నపము.

ఏమప్పా, బాగున్నావా?

నేను ఉద్యోగంలో చేరి వారమైంది. మన శాఖకిచ్చిన గది చూస్తే నీకు నవ్వాగదు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక ఈ ఊళ్ళో ఖాళీ గదులకు కొదవేముంది? ఇందులో మొన్నమొన్నటిదాకా ఏదో మంత్రిగారి గుమాస్తాలు కూర్చునేవారట. పటాలు హైదరాబాదు పోయాయి, మేకులు గోడకే ఉన్నాయి. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక భూతద్దం, ఒక కూజా, నేను.

మా నాయన "నీ పనేందిరా?" అని జాబు రాశాడు. ఎట్లా చెప్పాలో ముందుగా నీ మీద సాధన చేస్తాను, ఓపిక పట్టు. మనుషులు చేసిన చంద్రుడొకటి భూమి చుట్టూ తిరుగుతోంది నాయనా. దాని కడుపులో ఒక చిన్న పరికరం ఉంది. సూర్యుడి నుంచి వచ్చే, కంటికి కనపడని కిరణం తగిలినప్పుడల్లా అది కీచుమంటుంది. ఆ కీచును మద్రాసు దగ్గర స్టేషనులో పట్టుకుని, ఒక కలంతో పొడుగాటి కాగితపు చుట్ట మీద గీతగా గీయిస్తారు, ఆ చుట్టనే రోలు అంటారు. కీచుకొక పన్ను చొప్పున గీత మీద మొలుస్తుంది. కొన్ని పెద్ద పళ్ళు, కొన్ని పాలపళ్ళంత చిన్నవి. మధ్యమధ్య ఉరుములు, మెరుపులు, దారిన పోయే లారీలు పెట్టే గీతలు కూడా ఉంటాయి, అవి చెత్త. చెత్తను వదిలేసి, పళ్ళు లెక్కపెట్టి, గడిగడికీ అంకె వేయాలి. దీన్ని పచ్చి లెక్క అంటారు. పెద్దవాళ్ళు దాన్ని ఉడికించి, వడ్డించి, సూర్యుడి కడుపులో ఏముందో చెప్తారు. మనం కూరగాయలు తరిగేవాళ్ళం.

మద్రాసులోని మన డైరెక్టరు నరసింహాచారి గారు నా చేత చేయించిన ప్రమాణం నీ చేత కూడా చేయించే ఉంటారు. ఒకే రోలు ముందు ఒకరికి, తర్వాత రెండోవారికి. రోలు మీద పెన్సిలు ఆనరాదు. నెలాఖరున ఆయన రెండు లెక్కలూ పోల్చేదాకా అంకెల ఊసు మన మధ్య రారాదు. "సార్, ఇద్దరినీ ఒక్క ఊళ్ళోనే ఉంచితే ఏం పోయింది?" అన్నాను. "ఒకరి అంకె ఇంకొకరి కంట్లో దూరుతుందయ్యా. అందుకే మధ్యలో నంద్యాలను పెట్టాను" అన్నారు. ఒకే హాస్టలు గదిలో మూడేళ్ళు ఒకే దువ్వెనతో తల దువ్వుకున్నామని పాపం ఆయనకు తెలియదు.

మీ బావిలో నీళ్ళు పడ్డాయా?

ఇట్లు,
కూరగాయలు తరుగుతున్న
కంబన్న


కడప
23 జూన్ 1959

కంబన్నా,

నీ జాబు మా అక్క చదివింది. "ఈ పిల్లోడు ఇంకా ఇట్లే ఉండాడా?" అని అడిగింది. ఇట్లే ఉన్నాడని చెప్పాను.

నేను తిరుపతక్క ఇంట్లోనే ఉంటున్నాను. మా బావ నరసన్న ఉల్లిగడ్డల వ్యాపారం మీద ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి ఇంట్లో చోటుకు కరువు లేదు. గది ఇంటికి దగ్గరే. కిటికీ తెరిస్తే పాలకొండలు కనిపిస్తాయి. మధ్యాహ్నం కిటికీ తెరిచే ధైర్యం ఎవరికీ లేదు.

వేంపల్లె దగ్గర మా బావి సంగతి అడిగావు. వేసవంతా తూటాలు పెట్టి పేల్చాము. నీళ్ళు పడలేదు. ఒక రాయి పెచ్చు ఎగిరి నా కుడి కంటికి తగిలింది. వారం రోజులు ఎర్రబడి తగ్గిపోయింది. ఇప్పుడు బాగానే ఉంది.

నీకొక మాట చెప్పాలి, నవ్వకు. మా ఇంట్లో మా తాత, మా నాయన, మా అన్న అందరూ తలెత్తి ఆకాశం చూసినవాళ్ళే, మబ్బు కోసం. అది వాళ్ళకు ఏమిచ్చిందో మా పొలం చూస్తే తెలుస్తుంది. నాకు మాత్రం రోజూ అక్కడినుంచి ఏదో ఒకటి రాలుతోంది, కాగితం మీదైనా సరే. పొద్దున గది తాళం తీసి రోలు పరిచేటప్పుడు, ఇది నాకంటే ముందు ఎవరూ చూడలేదు గదా అనిపిస్తుంది. ఇంతవరకూ నేను ఇష్టపడి చేసిన పని ఇదొక్కటే.

నవ్వొద్దని చెప్పాను.

తిమ్మయ్య


కర్నూలు
21 జూలై 1959

శాఖాధ్యక్షుల వారికి ఫిర్యాదు.

అయ్యా, తమరు చదివి మాకు పంపిన రోలు నిన్న చేరింది. దాని పై అంచున, జానెడు జానెడు దూరానికి ఒక్కొక్కటిగా, కొబ్బరినూనె మరకలు. మొదటి మరకకు ఆశ్చర్యపోయాను. కొంత దూరం పోయాక అర్థమైంది, అది తమరి నుదురు. తమరు రోలు చదువుతున్నారా, దాని మీద తల పెట్టి పడుకుంటున్నారా? మధ్యాహ్నం కునుకు తీస్తే తీశారు, తలంటుకుని వచ్చి తీయరాదా?

నేను నవ్వలేదప్పా. ఆ మాట నాకూ అనిపిస్తూ ఉంటుంది, కాని పైకి చెప్పుకునే అలవాటు నాకు లేదు. ఇక్కడ చెప్పుకుందామన్నా వినేది భీమక్క ఒక్కతే. నేను భోజనం చేసేది ఆమె దగ్గరే. మొన్న కొర్రన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏమప్పా, నువ్వు ఆకాశంలో పండ్లు లెక్కబెడతావంటనే?"

"ఔనక్కా."

"ఎవురివి?"

"సూర్యునివి."

"లెక్కబెట్టి?"

"మద్రాసుకు పంపుతా."

ఆమె నా కంచం వైపు చూసింది. తర్వాత అడక్కుండానే ఇంకో గరిటె మజ్జిగ పోసింది. నా చదువు మీద ఎవరైనా జాలి చూపడం అదే మొదటిసారి.

నూనె తగ్గించుకోండి, ప్రభూ.

కంబన్న


కడప
6 ఆగస్టు 1959

కంబన్నా,

ఆచారి గారి జాబు నీకూ వచ్చి ఉంటుంది. మొదటి పోలిక అయింది కాబట్టి ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. పెద్ద పళ్ళ దగ్గర ఇద్దరికీ తేడా లేదు. చిన్న పళ్ళే నీకు ఎక్కువ, నాకు తక్కువ. ప్రతి రోలులోనూ అంతే.

"ఇద్దరిలో ఒకరు లేనిది చూస్తున్నారు, లేదా ఒకరు ఉన్నది చూడడం లేదు. ఇంకో నెల చూస్తాను. ఇట్లాగే ఉంటే ఒకరిని మార్చక తప్పదు" అని రాశారు.

నువ్వు తొందరపడి చదువుతావు. పరీక్షల్లోనూ అంతే. గీత కాస్త వణికితే చాలు, నీకు పన్ను కనిపిస్తుంది. కొంచెం నిదానించు. ఈ ఉద్యోగం పోతే నీకు ఇంకోటి దొరుకుతుంది, నీకు నోరుంది. నన్ను మారిస్తే నేను మళ్ళీ ఆ బావి గట్టుకే పోవాలి.

నూనె గురించిన హాస్యం ఇక చాలు.

తిమ్మయ్య


కర్నూలు
17 ఆగస్టు 1959

తిమ్మయ్యా,

నీ జాబు చదివి ఆలోచించాను. నువ్వన్నది నిజమే కావచ్చు. నేను ఉన్నదానికన్నా ఎక్కువ చూసే మనిషినే. హాస్టల్లో చారులో ముక్కలున్నాయని మూడేళ్ళు వాదించింది నేనే గదా. ఇకమీదట నిదానంగా చదువుతాను. నీ మీద కోపం లేదు.

మొన్న మీ నరసన్న బావ ఉల్లిగడ్డల బేరానికి ఈ ఊరొచ్చి, నన్ను వెతుక్కుంటూ గదికి వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడిచి, గుళ్ళోకి వచ్చినట్టు వచ్చి, రోలు చూసి, "ఇదేనా?" అన్నాడు.

"ఇదే బావా."

"దీనికోసరమా మావోడు కూడు నీళ్ళు మరిసి కూసునేది?"

"దీనికోసరమే."

"ఏం జెప్పేదప్పా. మీ అక్క ఒకటే ఏడుస్తాండాది. నేను జెప్తే ఇనడు. నీ మాటన్నా ఇంటాడేమోనని..." అని ఆగిపోయాడు. "నీకు జెప్పొద్దన్యాడులే" అని తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

ఆ తర్వాత ఇద్దరమూ చాలాసేపు మాట్లాడుకున్నాము. అందులో ఉల్లిగడ్డల సంగతులే ఎక్కువ. రాయదగినవి లేవు.

తిమ్మయ్యా, ఒకసారి నువ్వు మద్రాసు పోయి రారాదా? ఊరికే, సముద్రం చూడడానికి. కావాలంటే నేనూ వస్తాను. నువ్వు సముద్రం చూడలేదు గదా. నేనూ చూడలేదు. ఇద్దరమూ చూడని వస్తువు ఒకటి ఉన్నప్పుడు పోయి చూడకపోవడం మన వృత్తికే అవమానం.

కంబన్న


కడప
30 ఆగస్టు 1959

కంబన్న మహాశయా,

నీ మెత్తదనం చూసి అక్క భయపడింది. "వానికి జొరమేమన్నా వచ్చిందేమో కనుక్కోరా" అంటోంది.

నేను బాగున్నాను. బావ మాటలు పట్టించుకోవద్దు, ఆయన ఉల్లిగడ్డ కొంచెం మెత్తబడినా బస్తా అంతా పోయిందనే రకం. ఇంకో శుభవార్త. నాకిప్పుడు చిన్న పళ్ళు కూడా బాగా కనిపిస్తున్నాయి. ఏమిటో, అలవాటు కుదిరినట్టుంది. ఈ నెల పోలికలో మన ఇద్దరి మధ్య ఆచారి గారికి వెంట్రుకంత సందు కూడా దొరకదు, చూడు.

సముద్రం ఎక్కడికీ పోదు. తర్వాత చూద్దాం.

తిమ్మయ్య


కర్నూలు
12 సెప్టెంబరు 1959

తిమ్మయ్యా,

ఆచారి గారు నిన్న వచ్చారు. ముందుగా చెప్పకుండా జీపు దిగి, నా కుర్చీలో కూర్చుని, నన్ను నిలబెట్టి, రెండు లెక్కలూ బల్ల మీద పక్కపక్కన పరిచారు.

"కంబన్నా, మొదటి పోలికలో చిన్న పళ్ళు నీకు ఎక్కువ, తిమ్మయ్యకు తక్కువ. ఆగస్టు వచ్చేసరికి నీకు తక్కువ, అతనికి ఎక్కువ. మీరిద్దరూ కళ్ళు గాని మార్చుకున్నారా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"రెండు రోళ్ళు నేనే కూర్చుని చదివాను. మొదట్లో నీ లెక్కా నా లెక్కా ఒకటే. ఆగస్టులో నాకు కనిపించేవి నీకు కనిపించడం లేదు. నీ కంటికేమైనా అయిందా?"

"నా కళ్ళు బాగున్నాయి సార్."

"మరి?"

మరి ఏమని చెప్పను? మీ బావ ఆరోజు చెప్పిందంతా ఉల్లిగడ్డల సంగతి కాదు. "కుడికన్ను కానరాడంల్యా. చెంబు ఒగచోట ఉంటే చెయ్యి ఒగచోట పెడతాండాడు. తలుపుచెక్కకు గుద్దుకుని, తలుపును తిడతాండాడు" అని చెప్పి, నా బల్ల మీదే తల పెట్టుకున్నాడాయన. నుదురు కాగితానికి ఆనేదాకా నువ్వెందుకు వంగావో, ఆ నూనె మరకలు ఎందుకో అప్పుడు నాకు తెలిసింది. నేను దాని మీద హాస్యమాడాను. ఆ జాబు నీ దగ్గరుంటే చించేయి.

ఆ రోజు నుంచి చిన్న పళ్ళు కనిపించినా వదిలేస్తూ వచ్చాను. అన్నీ కాదు. నువ్వు ఎన్ని వదిలి ఉంటావో ఊహించి, అన్ని. నీ లెక్కా నా లెక్కా దగ్గరపడితే నిన్ను మార్చరని. సార్ ముందు నిలబడి ఇదంతా చెప్పాను, నీ కన్ను సంగతితో సహా. నన్ను తిట్టుకో.

ఆయన కేకలు వేస్తారనుకున్నాను. రెండు లెక్కలూ దగ్గరికి లాక్కుని, మెల్లగా అన్నారు. "కన్ను మసకైతే అది ప్రతి రోలులోనూ ఒకే తీరుగా తప్పుతుందయ్యా. ఎంత తప్పుతుందో కనుక్కుని, నేను దిద్దుకోగలను. అతని పాత లెక్క మొత్తం నాకు ఇప్పటికీ పనికొస్తుంది. నీ దయను ఎట్లా దిద్దను? సోమవారం నీకు స్నేహితుడి మీద ప్రేమ ఎక్కువ, బుధవారం ఆకలి ఎక్కువ. దానికి ఏ సూత్రం వేయమంటావు?"

నేను కూజాలో నీళ్ళు వంచి ఆయన ముందు పెట్టాను. ఆయన ముట్టలేదు.

"ఆగస్టు నెలంతా సూర్యుడు ఏం చేశాడో మీ ఇద్దరినీ చూసి చెప్పమంటే, మీరు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు" అన్నారు. అదృష్టం, రోళ్ళు మాత్రం అట్లే ఉన్నాయి, కాగితానికి మన మీద ఏ అభిమానమూ లేదు. మళ్ళీ మొదటినుంచి చదవమన్నారు.

ఇక నాది ఒక్క ప్రశ్న. నేను తగ్గించాను, సరే. నువ్వెందుకు పెంచావురా? కనిపించనివి ఎట్లా వేశావు? డాక్టరు ఏమన్నాడు? మీ బావకు కూడా నువ్వు సగమే చెప్పావని నా అనుమానం.

కంబన్న


కడప
17 సెప్టెంబరు 1959

కంబన్నా,

నిన్ను తిట్టాలని కూర్చుని రెండు కాగితాలు చించాను. ఇది మూడోది.

కుడికంటి మసక ఎడమకంటి చూపులో కలిసి చిన్నవాటిని చెరిపేసేది. నీకు కనిపించినవి నాకు కనిపించలేదంటే, అవి ఉన్నాయనే నమ్మాను. పైకి నీదే తొందర అని రాశాను గాని, నమ్మాను. అందుకని ఆగస్టులో గీత కొంచెం వణికిన చోటల్లా ఒక పన్ను వేశాను, ఇక్కడ కంబన్న ఒకటి చూసుంటాడులే అని. నెలంతా నేను చదివింది నిన్నే. నువ్వేమో నన్ను చదువుతున్నావు.

డాక్టరు జూలైలోనే చెప్పాడు. నీ అనుమానం నిజం, ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆయన మాటలే రాస్తాను. "ఈ కన్ను పోయిందప్పా, దీని కోసరం ఏడ్చి లాభం లేదు. నా భయం రెండోదాని గురించి. దెబ్బతిన్న కన్ను ఒక్కోసారి బాగుండే కంటిని గూడా లాక్కపోతాది. మద్రాసు పోయి దీన్ని తీయించుకో. ఆలస్యం చేయబాకు."

తీయించుకో అంటే గోరు తీయించుకున్నట్టు చెప్పాడాయన. పోతే నెలన్నర పడుతుందట. నెలన్నర గది మూతపడితే నా చోట్లో ఇంకొకరు కూర్చుంటారు. ఒక కంటివాడిని రోలు చదవడానికి ఎవరు పిలుస్తారు? ఈ మాటనే తిప్పితిప్పి ఆలోచిస్తూ ఇన్నాళ్ళు గడిపాను.

పోయిన వారం నుంచి ఎడమకంట్లో కూడా నీళ్ళు కారుతున్నాయి. వెలుతురు చూడలేకపోతున్నాను. నల్లటి నలుసులు ఈదుతున్నాయి. ఈ జాబు కిటికీ మూసి రాస్తున్నాను. వరసలు వంకరపోయి ఉంటే మన్నించు.

అక్కకు నిన్న అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు. "మూట గడతాండా, లెయ్" అంది. ఎల్లుండి మెయిలు బండికి మద్రాసు పోతున్నాము. ఆచారి గారికి రాజీనామా రాసి పంపాను.

నాకు భయంగా ఉందప్పా.

తిమ్మయ్య


మద్రాసు, కంటి ఆసుపత్రి
8 అక్టోబరు 1959

కంబన్నకు,

రాస్తాండేది తిరుపతక్క. తమ్ముడు చెప్తాండాడు, నేను రాస్తాండా. నాది ఐదో తరగతి చదువు, తప్పులుంటే నవ్వబాకప్పా.

తమ్ముడు చెప్పేది: కుడికన్ను తీసేశారు. నొప్పి అనుకున్నంత లేదు. ఎడమకంటికి మందులు వేసి, రెండింటికీ కలిపి కట్టు కట్టారు. సముద్రం చూశావా అని అడుగుతావు కాబట్టి చెప్తున్నాను, చూడలేదు, విన్నాను. పడమటి గాలి లేనప్పుడు వార్డుదాకా వినిపిస్తుంది. అది ఒకే తీరుగా ఉండదు. పెద్ద అలలు, చిన్న అలలు. చీకట్లో పనేమీ లేక లెక్కపెడుతున్నాను.

పక్క మంచం మీదాయన "ఏం లెక్క?" అని అడిగాడంట. "ఉద్యోగం" అన్యాడంట.

ఇది వానికి తెలీకుండా రాస్తాండా. ఎడమకన్ను సంగతి డాక్టరు ఏమీ చెప్పడంల్యా. ఇంగా పన్నెండు దినాలకు కట్టు ఇప్పినాక చూద్దామంటాడు. ఇంగొంచెం ముందొచ్చింటే బాగుండు అన్యాడు. మీ బావకు గూడా ఇది రాయల్యా, నీకే రాస్తాండా. "ఏందక్కా అంతసేపు రాస్తాండావు?" అని అడుగుతాండాడు. చుక్కలు పెడతాండానప్పా అని చెప్పినా.

తమ్ముడు చెప్పేది: ఆగస్టు రోళ్ళు మళ్ళీ చదివావా?

తిమ్మయ్య
రాసింది తిరుపతమ్మ


కర్నూలు
13 అక్టోబరు 1959

అక్కా,

ఈ మొదటి నాలుగు మాటలు మీకు మాత్రమే. మీ చుక్కలు నాకు అందాయి. మీరొక్కరే మోయొద్దు. ఆదివారం బయల్దేరి వస్తున్నాను, కట్టు విప్పే రోజుకు అక్కడ ఉంటాను. వాడికి ముందుగా చెప్పవద్దు. ఇక ఇక్కడి నుంచి గట్టిగా చదివి వినిపించండి.

తిమ్మయ్యా,

ఈ జాబులో హాస్యం రాయకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. భీమక్క నా మొహం చూసి "కడుపునొప్పా?" అని అడిగింది.

ఆగస్టు రోళ్ళు మళ్ళీ చదివాను. మనసుపెట్టి, పాత అంకెలు నా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి. నేను వదిలేసిన చిన్న పళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని మళ్ళీ వేస్తుంటే సిగ్గేసింది. మూడో వారంలో అవి గుంపులు గుంపులుగా ఉన్నాయప్పా. ఆ వారం సూర్యుడు ఏదో చేశాడు, ఏం చేశాడో పెద్దవాళ్ళు చెప్తారు. నేను వాటిని తీసేశాను, నువ్వు వాటిని వేరే చోట్ల వేశావు. మన ఇద్దరి సగటు తీసి ఉంటే ఆ వారం చప్పిడి వారంగా మిగిలిపోయేది. ఇది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

నీ రాజీనామా ఆచారి గారు నాకు పంపారు, వెనక నాలుగు మాటలు రాసి. అవే ఇక్కడ ఎక్కిస్తున్నాను. "రెండో లెక్క అంతవరకూ నేనే చదువుతాను. కడప గది తాళం నా దగ్గరే ఉంటుంది. అతని కన్ను ఏ తీరుగా చూసినా నాకు అభ్యంతరం లేదు, చూసింది చూసినట్టు రాస్తే చాలు. చూపే రాకపోతే అప్పుడు వేరే పని ఆలోచిద్దాం."

ఆ చివరి వాక్యాన్ని దాచి పంపుదామా అని ఒక పూట ఆలోచించాను. దాచలేదు.

కంబన్న


కడప
6 డిసెంబరు 1959

కంబన్నా,

ఇది నేనే రాస్తున్నాను. నీకు తెలిసే ఉంటుంది, అక్క అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, నావి కోడి కెలికినట్టు ఉంటాయి.

కట్టు విప్పిన రోజు నువ్వు నా మంచం పక్కన ఉండి, ఒక్క మాటా మాట్లాడకుండా నిలబడ్డావే, అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. కంబన్న మాట్లాడడం లేదంటే అంతా పోయిందేమో అనుకున్నాను. ఆ తర్వాత నీ మొహం మసగ్గా కనిపించింది. మళ్ళీ ఆ నెలంతా కొంచెం కొంచెంగా తేటపడుతూ వచ్చింది. ఇప్పుడు పాలకొండల మీద చెట్టుకు చెట్టు విడిగా తెలుస్తోంది. మందు మాత్రం ఆపవద్దన్నారు. మళ్ళీ మసకేస్తే వెంటనే రమ్మన్నారు, వస్తుందో రాదో వాళ్ళకూ తెలియదట. తెలియదనే చెప్పారు, నాకు అది నచ్చింది.

ఒంటికంటి కాపురం విచిత్రంగా ఉంది. అక్క కాఫీ గ్లాసు అందిస్తే నేను గాలిని పట్టుకుంటున్నాను. చెంబులోంచి నీళ్ళు గ్లాసులోకి వంచితే పంచె తడుస్తోంది. మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు ఎక్కడుందో కాలితో వెతుక్కుంటున్నాను. "యాడ జూస్తాండావురా, ఈడుండాది!" అని అక్క కేకలు. ఏది దగ్గరో ఏది దూరమో తెలియాలంటే రెండు కళ్ళు కావాలట. డాక్టరు చెప్పినప్పుడు, నా పని అయిపోయిందనే అనుకున్నాను.

నిన్న ఆచారి గారు వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టారు. మొదటిసారి నా చెయ్యి తాళం పక్కన తగిలింది. ఆయన చూశారు, సాయం చేయలేదు. రెండోసారి తీశాను. ఆయన వెళ్ళిపోయాక రోలు బల్ల మీద పరిచాను. మెడ వంచి చూశాను.

కంబన్నా, కాగితానికి లోతు లేదు. దగ్గరా లేదు, దూరమూ లేదు. అంతా ఒకే బల్ల మీద, ఒకే గీత మీద ఉంది. దానికి ఒక కన్ను చాలు. చిన్న పళ్ళు, వరసగా, పాలపళ్ళ మాదిరి. మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. అక్క సద్ది తెచ్చి, వాకిట్లో నిలబడి, పిలవకుండా అట్లే కూర్చుందట. నాకు తెలియదు.

ఒక చోట మాత్రం గీత కొంచెం వణికింది. అది పన్నో, వట్టి వణుకో తేలలేదు. భూతద్దం పెట్టి చూశాను, తీసి చూశాను. నువ్వు అక్కడ ఏం వేస్తావోనన్న ఆలోచన రాబోయింది. లేచి, కిటికీ తెరిచి, కూజాలో నీళ్ళు తాగి, పంచె కొంచెం తడుపుకుని, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. నాకు ఏం కనిపించిందో అదే వేశాను.

లెక్క కవరులో పెట్టి, అంటించి, మద్రాసుకు పంపేశాను. రోలు ఇవాళ్టి బస్సుకు నీ దగ్గరికి వస్తోంది. పై అంచున ఈసారి నూనె మరకలు లేవు.

తిమ్మయ్య